కలయిక తర్వాత నొప్పి మనసుదా, శరీరానిదా?

నిశ్శబ్ద:
పెళ్లయి రెండేళ్లు. కలయిక ముగిశాక పొత్తికడుపులో లోతుగా నొప్పి మొదలై మర్నాటి వరకూ ఉంటుంది. స్కానింగ్‌లో ఏమీ లేదు, భయం తగ్గించుకోండి అన్నారు డాక్టరు. నిజంగా ఇది భయమేనా?

వేకువ:
భయమే కావచ్చు, అందులో చిన్నతనమేముంది? భయపడితే కటి కండరాలు బిగుసుకుంటాయి, బిగిసిన కండరం నొప్పి పెడుతుంది. నాకు ఫిజియోథెరపీతోనే తగ్గింది. ప్రతి నొప్పికీ జబ్బు వెతుక్కుంటూ పోతే పరీక్షలకు అంతుండదు.

రేవతి:
వేకువ గారూ, మీకు తగ్గిన దారిని కాదనను. కానీ ఆమె రాసింది మళ్లీ చదవండి. నొప్పి లోతుగా ఉందంటున్నారు. యోని ముఖం దగ్గర మంట అయితే పొడిదనమో, ఇన్ఫెక్షనో, మీరన్న బిగువో, కండోమ్ రబ్బరు పడకపోవడమో అనుకోవచ్చు. లోపలి నొప్పికి ఎండోమెట్రియోసిస్, అండాశయంలో సిస్టు (నీటితిత్తి), ఫైబ్రాయిడ్లు (గర్భాశయంలో పెరిగే కండర గడ్డలు), క్లమీడియా వంటి సుఖవ్యాధులు గర్భాశయం దాకా పాకి తెచ్చే వాపు... వీటిని ముందు చూడాలి. ఎండోమెట్రియోసిస్‌లో గర్భాశయపు లోపలి పొరను పోలిన కణజాలం బయట పెరుగుతుంది. పునరుత్పత్తి వయసు స్త్రీలలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైపై మచ్చలుగా ఉంటే మామూలు స్కానింగ్‌కు దొరకదు కూడా.

వేకువ:
అయితే అందరి కడుపులోకీ కెమెరా పెట్టించాలా?

రేవతి:
అక్కర్లేదు. లక్షణాలు వివరంగా విని, అనుమానం బలంగా ఉంటే హార్మోన్ మాత్రలతో మొదలుపెట్టే వైద్యులున్నారు. నా అభ్యంతరం ఒక్కటే, ఏమీ అడగకుండా భయం అనేయడం.

పాత కాపు:
ఇది ఆడవారి చర్చే అయిపోయింది. ప్రోస్టేట్ (మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు ఉన్న మగవారికి స్ఖలనం తర్వాత నొప్పి వస్తుంది. ముందుచర్మం బిగుతైనా అంతే. సిగ్గుతో నేను ఆరు నెలలు దాచాను, శుద్ధ దండగ.

సంధ్య:
మెనోపాజ్ తర్వాత, పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గి యోని పొడిబారుతుంది. నీటి ఆధారిత జెల్ వాడండి. నూనెలు రబ్బరు కండోమ్‌ను పాడుచేస్తాయి. కలయిక తర్వాత రక్తం కనిపిస్తే గర్భాశయ ముఖద్వారం పరీక్ష తప్పదు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి వచ్చి కళ్లు తిరిగితే, నెల తప్పి ఉంటే మరీనూ, ఇక్కడ ప్రశ్న వేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

రేవతి:
నిశ్శబ్ద గారూ, మీ నెలసరి ఎలా ఉంటుంది?

నిశ్శబ్ద:
పదిహేనో ఏటి నుంచీ ప్రతి నెలా రెండు రోజులు మంచం దిగలేను. ఆ రోజుల్లో విరేచనానికి వెళ్లినా నొప్పే. ఇది చెప్పవలసిన విషయమని అనుకోలేదు, డాక్టరూ అడగలేదు.

వేకువ:
ఇది ముందే తెలిసి ఉంటే భయం మాట ఎత్తేదాన్ని కాదు. అయితే ఫిజియోథెరపీని మాత్రం కొట్టిపారేయకండి. ఏళ్ల తరబడి నొప్పి పడ్డ ఒళ్లు, నొప్పి రాకముందే బిగుసుకుంటుంది.

నిశ్శబ్ద:
అవునండీ, అలాగే ఉంటోంది. ఈసారి వేరే డాక్టరు దగ్గరికి ఇవన్నీ కాగితం మీద రాసుకుని వెళ్తాను.