అప్‌డేట్: చవక పవర్ సప్లై విప్పి చూశాను, జిల్లు పోయింది

రాయగడలో ఇంట్లోనే చిన్న రిపేర్లు చేసుకుంటాను. విశాఖ నుంచి తెప్పించిన 30 వోల్టులు, 5 ఆంపియర్ల చవక పవర్ సప్లై డబ్బా తాకితే జిల్లుమంటోందని, వాడొచ్చా అని అడిగాను. ముందు ఎర్త్ చూడమన్న అన్నలందరికీ థాంక్స్.

ప్లగ్ పీకి, లోపలి పెద్ద కెపాసిటర్ మీద మీటర్ పెట్టి వోల్టేజ్ పూర్తిగా దిగాకే చెయ్యి పెట్టాను. ఇలాంటి స్విచింగ్ సప్లైలో (కరెంటుని చాలా వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ వోల్టేజ్ మార్చే రకం) 230 వోల్టుల ఏసీ దాదాపు 325 వోల్టుల డీసీగా అక్కడ నిలుస్తుంది. స్విచ్ ఆపినా కాసేపు ఉండొచ్చు. దయచేసి తొందరపడకండి.

ఎర్త్ తీగ ఉంది, స్క్రూ కూడా గట్టిగానే ఉంది. కానీ పెయింట్ మీదే బిగించేశారు! ప్లగ్‌లో పెద్ద పిన్నుకీ డబ్బాకీ మధ్య మీటర్ బీప్ కొట్టలేదు, అంటే రెండూ కలవలేదు. పెయింట్ గీకి, పళ్ల వాషర్ వేసి బిగించాక ఒక ఓమ్ లోపే చూపిస్తోంది.

జిల్లుకి కారణం ఇన్‌పుట్ ఫిల్టర్‌లోని (కరెంటు లోపలికొచ్చే చోట నాయిస్ ఆపే భాగం) వై కెపాసిటర్లు. అవి లైన్ నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకి కలుస్తాయి. ఎర్త్ లేకపోతే డబ్బా సుమారు సగం మెయిన్స్ వోల్టేజ్ దగ్గర తేలుతుంది. కరెంటు తక్కువే అయినా రిపేర్ చేసే బోర్డుల్లోని సున్నితమైన మాస్‌ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) పోవచ్చు.

మా పాత ఇంటి సాకెట్లో మూడో రంధ్రం వెనక తీగే లేదు. అది ఎలక్ట్రీషియన్‌తో వేయించాను. ఫ్యూజ్, ఫ్యాన్ బాగానే ఉన్నాయి.

ఇక లోడ్ పెట్టి రిపుల్ (డీసీ అవుట్‌పుట్‌లో మిగిలే చిన్న హెచ్చుతగ్గులు) చూడాలి. గుణుపూర్‌లో స్నేహితుడి దగ్గర వోల్టేజ్‌ని గ్రాఫ్‌లా చూపించే ఆసిలోస్కోప్ ఉంది, అక్కడికి తీసుకెళ్తాను.