మెల్‌బోర్న్‌లో లాన్ పని: వాన పడితే కస్టమర్లను ఎలా సర్దుకోవాలి?

టార్నీట్ నుంచి:

అందరికీ నమస్కారం. మేము మెల్‌బోర్న్ పడమటి సబర్బ్ (శివారు) టార్నీట్‌కి వచ్చి కొద్ది నెలలే అయింది. లాన్ కోసే పని ఒక పెద్దాయన దగ్గర నేర్చుకుని ఇప్పుడు సొంతంగా మొదలుపెట్టాను. ఏబీఎన్ (వ్యాపారానికి ఇచ్చే నంబర్), పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఎవరికైనా నష్టం జరిగితే ఆదుకునే బీమా) తీసుకున్నాను. కస్టమర్లు బాగానే దొరుకుతున్నారు. ఇబ్బందంతా వానతోనే. ఈరోజు ఇళ్లు ఆగిపోతే రేపటికి జరుపుతున్నాను, రేపటివాళ్లను ఎల్లుండికి. వారం చివరికొచ్చేసరికి అందరికీ సారీ చెప్పడంతోనే సరిపోతోంది. స్ప్రింగ్‌లో పని ఇంకా పెరుగుతుందంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఈ పనిలో ఉన్న అన్నయ్యలు, అక్కలు ఎలా చేస్తున్నారో కాస్త చెప్తారా?

వెరిబీ నుంచి:

తమ్ముడూ, ముందు అందరినీ జరపడం మానెయ్. వానకి ఆగిన ఇళ్లను మాత్రమే తీసి ఇంకో రోజులో పెట్టు. మిగతావాళ్లు వాళ్ల రోజునే ఉండాలి. అలా కుదరాలంటే వారంలో ఒక రోజు ఎవరికీ ఇవ్వకుండా ఉంచుకోవాలి. నేను శుక్రవారం ఉంచుతాను. అద్దె ఇళ్లకూ, అమ్మే ఇళ్లకూ ఇన్‌స్పెక్షన్లు (జనం వచ్చి ఇల్లు చూసుకోవడం) ఎక్కువగా శనివారమే పెడతారు కాబట్టి ఏజెంట్ల నుంచి అర్జెంటు పనులు వచ్చేదీ శుక్రవారమే. ఒక రోజు సంపాదన వదులుకుంటున్నట్టు అనిపిస్తుంది, నిజమే. కానీ స్ప్రింగ్‌లో, అంటే సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, ఆ శుక్రవారం మిగలడం అరుదు. వాన లేని వారం వస్తే హెడ్జ్ కటింగ్ (కంచె మొక్కలు కత్తిరించడం) లాంటి ఒక్కసారి పనులు అందులో వేసుకో.

రెండోది, సబర్బ్‌ని బట్టి రోజు పెట్టుకో. సోమవారం పాయింట్ కుక్, మంగళవారం టార్నీట్, ట్రుగనైనా, ఇలా. గంట వాన పడి ఆగితే పక్క వీధిలోనే కారులో కూర్చుని మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఇళ్లు ఊరంతా చెల్లాచెదురుగా ఉంటే ఆ గంట డ్రైవింగ్‌లోనే పోతుంది.

ఫోర్‌కాస్ట్‌లో వాన పడే అవకాశం ఎంత శాతమో ఒక్కటే చూసి పని ఆపొద్దు. బ్యూరో ఆఫ్ మెటియరాలజీ (ఇక్కడి వాతావరణ శాఖ) యాప్‌లో 70 శాతం అని ఉంటే, 0.2 మిల్లీమీటర్లు పడినా అది వాన లెక్కే. పక్కనే ఎన్ని మిల్లీమీటర్లో ఉంటుంది, అది చూడు. 70 శాతం, 0 నుంచి 1 మిల్లీమీటర్ అంటే నేను బయల్దేరతాను. అదే 70 శాతమే అయినా 5 నుంచి 15 అని ఉంటే ముందు రోజే మార్చేస్తాను. పొద్దున లావర్టన్ రాడార్ (వాన మేఘాలు ఎక్కడున్నాయో చూపించేది) చూడు. ఇక్కడ వాన ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వస్తుంది, అంటే మనవైపుకే ముందు. ఇంకో సంగతి, మన పడమటి సబర్బ్స్‌లో వాన తక్కువ, డాండెనాంగ్ కొండల వైపు బాగా ఎక్కువ. తూర్పున ఆ వైపు రింగ్‌వుడ్‌లో ఉన్న ఫ్రెండ్ జోరుగా పడుతోందన్నాడని నువ్వు పని ఆపుకోకు.

వాన ఆగినంత మాత్రాన నేల సిద్ధమైనట్టు కాదు. ఇక్కడిదీ మన నల్లరేగడి లాంటి బంకమట్టే. ఎండితే పగుళ్లు, తడిస్తే జిగురు. చలికాలంలో నీళ్లు ఇంకక నిలిచిపోతాయి, మోవర్ చక్రాల గాడులు లాన్‌లో మిగిలిపోతాయి. తడి గడ్డి కోస్తే ముద్దలు ముద్దలుగా పడుతుంది, బ్లేడు కింద ఇరుక్కుంటుంది, గ్రీన్ బిన్ (తోట చెత్త డబ్బా) ఎత్తలేనంత బరువెక్కుతుంది. పైగా వాలు ఉన్నచోట కాలు జారుతుంది. అందుకే వాన మర్నాడు ఎండ తగిలే లాన్లు ముందు, కంచె నీడలో ఉండేవి మధ్యాహ్నం.

పాయింట్ కుక్ నుంచి:

మా ఇంట్లో మోవర్ మా ఆయనది, ఫోనూ డైరీ నావి. కాబట్టి కస్టమర్లతో మాట్లాడే సంగతి నేను చెప్తాను తమ్ముడూ.

వాన పడితే ఏం చేస్తారో పని ఒప్పుకునేటప్పుడే చెప్పెయ్. రేటు చెప్పే మెసేజ్‌లోనే రాయి: వాన వస్తే అదే వారం శుక్రవారం వస్తాం, అప్పుడూ కుదరకపోతే తర్వాతి వారం మీ ఇల్లే ముందు. ఇది ముందే తెలిసినవాళ్లు వాన రోజు కోపం తెచ్చుకోరు. టైమ్ కూడా పది గంటలకి అని కాకుండా, ఉదయం లేదా మధ్యాహ్నం అని చెప్పు. మార్చాల్సి వస్తే ముందు రోజు సాయంత్రమే మెసేజ్ పెట్టు, కొత్త రోజు కూడా అందులోనే రాయి. "తర్వాత చెప్తాను" అంటే వాళ్లు ఇంకొకరిని పిలుచుకుంటారు.

మనవాళ్లు కస్టమర్లయితే మొహమాటం ఎక్కువ. "చూస్తానండీ, వచ్చేస్తానండీ" అని సర్దిచెప్పకు. వాళ్లు పిల్లల పుట్టినరోజు పెట్టుకుని నీకోసం ఎదురుచూస్తుంటారు, పాపం.

అలాగే కదలని తేదీలు డైరీలో ఎర్ర ఇంకుతో రాసుకో: ఇల్లు ఖాళీ చేసే రోజు, ఇన్‌స్పెక్షన్, ఫంక్షన్. వాన వచ్చే వారం ఇవి వెనక్కి పోకూడదు, వీలైతే ముందుకే రావాలి. రెండు వారాలకోసారి చేసే లాన్ నాలుగు రోజులు ఆగితే ఏమీ కాదు. కానీ స్ప్రింగ్‌లో నెల దాటితే గడ్డి బాగా పెరిగిపోతుంది. ఒకే కోతలో గడ్డి ఎత్తులో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు కాబట్టి రెండుసార్లు వెళ్లాలి. నీ వల్ల ఆలస్యమైతే పాత రేటే. వాళ్లు వద్దని ఆపితే ఎక్కువ అవుతుందని ముందే చెప్పు.

టార్నీట్ నుంచి:

అక్కా, అన్నయ్యా, చాలా థాంక్స్. ఈ వారమే శుక్రవారం ఖాళీ చేస్తాను. మరి ఎండాకాలం, చలికాలం సంగతేంటి?

వెరిబీ నుంచి:

ఎండాకాలం ఉత్తరపు గాలి వీచే రోజు 40 డిగ్రీలు దాటొచ్చు. సాయంత్రం నైరుతి గాలి తిరిగితే ఒక్కసారిగా చల్లబడుతుంది. ఆ రోజు పెందలాడే మొదలుపెట్టి పదకొండుకల్లా ముగించు. కానీ ఇళ్ల మధ్య మోవర్ చప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7కి ముందు, శని, ఆదివారాలు, పబ్లిక్ హాలిడేల్లో 9కి ముందు కుదరదు. అందుకే వేడి వారంలో శనివారం పనులు పెట్టుకోవద్దు. టోటల్ ఫైర్ బ్యాన్ (మంటల ప్రమాదం ఎక్కువగా ఉండి బయట నిప్పు పెట్టడం నిషేధించడం) ప్రకటించిన రోజు ఎండిన గడ్డి జోలికే పోకు. బ్లేడు రాయికి తగిలి రవ్వ లేస్తే చాలు.

ఎండాకాలానికి ముందే ఖాళీ బ్లాకులు (ఇళ్ల స్థలాలు) ఉన్నవాళ్లకి గడ్డి కోయమని కౌన్సిల్ (మున్సిపాలిటీ లాంటిది) నుంచి నోటీసులొస్తాయి. బ్లాక్ కొని ఇంకా కట్టనివాళ్లు మనవాళ్లలోనే చాలామంది. వాళ్లకి గడువు తేదీ ఉంటుంది, అది ముందు అడిగి రాసుకో.

చలికాలంలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, కికుయు లాంటి గడ్డి దాదాపు నిద్రపోతుంది. మూడు, నాలుగు వారాలకోసారి చాలు, సంపాదనా తగ్గుతుంది. స్ప్రింగ్ డబ్బులో కొంత పక్కన పెట్టు. ఆ మూడు నెలలూ హెడ్జ్‌లు, మల్చ్ (మొక్కల మొదట్లో వేసే చెక్క పొట్టు) పరచడం, ప్రెషర్ వాషింగ్ తీసుకో. శుక్రవారం మాత్రం అప్పుడూ ఎవరికీ ఇవ్వకు.