క్రేజీసెక్సీకూల్ ఆల్బమ్‌లో లెఫ్ట్ ఐ ర్యాప్ ఎందుకింత తక్కువ?

పాటలపిచ్చి:

ఈమధ్య టీఎల్‌సీ (టీ-బాజ్, లెఫ్ట్ ఐ, చిల్లీ అనే ముగ్గురు అమెరికన్ అమ్మాయిల గ్రూపు) ఆల్బమ్‌లు వరసపెట్టి వింటున్నాను. 1992లో వచ్చిన మొదటి దాంట్లో లెఫ్ట్ ఐ, అంటే లీసా లోపెస్, హడావుడి అంతా ఇంతా కాదు. ఎక్కడ చూసినా ఆవిడ ర్యాపే. అదే ఊపులో 1994 నవంబర్‌లో వచ్చిన 'క్రేజీసెక్సీకూల్' పెట్టాను. పరిచయం అయిపోయాక వచ్చే మొదటి పాట 'క్రీప్'లో ఆవిడ గొంతే లేదు. 'రెడ్ లైట్ స్పెషల్'లో లేదు, 'డిగ్గిన్ ఆన్ యూ'లోనూ లేదు. 'వాటర్‌ఫాల్స్'లో ర్యాప్ ఉంది గానీ దానికోసం పాట చివరిదాకా ఆగాలి.

ఆవిడని కావాలనే పక్కన పెట్టారా? లేక ఇల్లు తగలబెట్టిన కేసు వల్లా? ఆల్బమ్ నాకు బాగా నచ్చింది. అందుకే ఈ లోటు ఇంకా ఎక్కువగా తెలుస్తోంది. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కోరస్‌గొంతు:

కేసు వల్లనేనని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నా దృష్టిలో అది సగం జవాబే. నేను కోరస్ పాడేదాన్నండీ. ఈ ఆల్బమ్‌ని ఎప్పుడు విన్నా నా చెవి గొంతుల మీదికే పోతుంది. కాబట్టి చెప్పేది కూడా అటువైపు నుంచే.

ముందు కేసు సంగతి. 1994 జూన్‌లో అట్లాంటాలో లోపెస్‌కి, ఆవిడ ప్రియుడు ఆండ్రీ రైజన్‌కి పెద్ద గొడవైంది. అతను అట్లాంటా ఫాల్కన్స్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు. ఆవిడ అతని బూట్లు బాత్‌టబ్‌లో పడేసి నిప్పంటించింది. మంటలు పాకి ఇల్లు మొత్తం పోయింది. కోర్టు ఐదేళ్ల ప్రొబేషన్ (జైలుకి బదులు నిఘా) వేసింది, తాగుడు మాన్పించే చికిత్సకీ వెళ్లాల్సి వచ్చింది. రికార్డింగ్ నడుస్తున్నది సరిగ్గా ఆ రోజుల్లోనే. అనుమతి దొరికినప్పుడల్లా చికిత్స కేంద్రం నుంచి స్టూడియోకి వచ్చి, పని చూసుకుని వెళ్లేది. పాట పుట్టేటప్పుడు అక్కడే కూర్చున్నవాళ్లకి 'ఇక్కడ నేనొక నాలుగు లైన్లు వేస్తాను' అనే వీలుంటుంది. పాట దాదాపు తయారయ్యాక వచ్చేవాళ్లకి ఆ వీలు ఎక్కడుంటుంది?

'క్రీప్' విషయంలో మాత్రం ఈ కారణం చెల్లదు. మోసం చేస్తున్న మగాడిని వదలకుండా, తనూ చాటుగా ఇంకొకడి దగ్గరికి పోయే అమ్మాయి కథ అది. రాసింది ఆల్బమ్ నిర్మాతల్లో ఒకడైన డల్లాస్ ఆస్టిన్. లోపెస్‌కి ఆ కథే గిట్టలేదు. మోసం చేస్తున్నాడని తెలిశాక వదిలేసి పోవాలి గానీ తనూ అదే పని చేయడమేమిటన్నది ఆవిడ వాదన. దీన్నే మొదటి సింగిల్‌గా వదిలితే వీడియోలో నోటికి నల్ల టేప్ వేసుకుని కనబడతానని కూడా బెదిరించింది. తర్వాత ఒక రీమిక్స్‌కి ర్యాప్ రాసి, ఇలాంటి చాటు వ్యవహారాల్లో అంటుకునే జబ్బుల గురించి గట్టిగా హెచ్చరించింది. మనిషి దూరంగా ఉండటం ఒకటి, ఒప్పుకోకపోవడం ఒకటి. రెండూ కలిపి 'పక్కన పెట్టారు' అనేస్తే ఆవిడకి అన్యాయం చేసినట్టే.

ఇక మూడో కారణం. నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే: టీ-బాజ్ గొంతు. ఆవిడది బాగా కింది స్థాయి, కొంచెం బొంగురు. మొదటి ఆల్బమ్‌లో బీట్లు దబదబా పడుతుంటే ఆ గొంతు నలిగిపోయింది. ఈసారి పాటల నిర్మాతలు డల్లాస్ ఆస్టిన్, బేబీఫేస్, జెర్మైన్ డుప్రీ, ఆర్గనైజ్డ్ నాయిజ్ అందరూ వేగం తగ్గించారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'క్రీప్' మొదటి చరణం వినండి. మైక్‌కి పెదాలు ఆనించి, పక్కనున్న మనిషికి రహస్యం చెబుతున్నట్టు పాడుతుంది. ఎక్కడా గొంతు పెంచదు. పైన ఎక్కడో ట్రంపెట్ పలుకుతుంటుంది, కింద ఈ గొంతు, మధ్యలో బోలెడు ఖాళీ. పల్లవి దగ్గరికొచ్చేసరికి కోరస్ గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఆ ఖాళీని నింపారు. టీఎల్‌సీ పాటల్లో వెనక గొంతుల పని చాలావరకు డెబ్రా కిల్లింగ్స్ అనే గాయనిది. ఆవిడ పేరు ఎవరూ ఎత్తరు, నాకు బాధగా ఉంటుంది. ఇంత నెమ్మదిగా అల్లిన పాటలో లోపెస్ లాంటి పదునైన ర్యాప్ వస్తే ఆ రహస్యం మాట్లాడే వాతావరణం చెదిరిపోతుంది.

'వాటర్‌ఫాల్స్'లో చెదరలేదెందుకంటే, అక్కడ ర్యాప్‌కి కథలోనే ఒక పని ఉంది. మొదటి చరణంలో మత్తుమందుల వ్యాపారంలో దిగిన కొడుకు, అతన్ని ఆపలేని తల్లి. రెండోదాంట్లో ఎయిడ్స్ సోకిన మనిషి. జబ్బు పేరు ఎత్తకుండా మూడక్షరాలని మాత్రమే అంటారు. ఇద్దరూ పోతారు. అప్పుడు వస్తుంది లోపెస్, ఇంద్రధనుస్సు మాటతో. పాట మొత్తంలో ఆశ అంటూ ఉన్నది ఆ భాగంలోనే. రాసుకున్నదీ ఆవిడే. ఎంత చెడ్డ కాలంలో ఉండి రాసిందో తెలిశాక ఆ భాగం మామూలుగా వినడం నావల్ల కాదు.

రివైండ్‌బటన్:

పై జవాబుకి ఒక చేర్పు. ఆల్బమ్ పేరు ఆలోచన లోపెస్‌దే. క్రేజీ తను, సెక్సీ చిల్లీ, కూల్ టీ-బాజ్ అని అందరూ చెప్పుకుంటారు గానీ, ప్రతి ఆడమనిషిలోనూ ఆ మూడూ ఉంటాయన్నది ఆవిడ ఉద్దేశం. అలా చూస్తే గొంతు తక్కువ వినపడ్డా ఆల్బమ్ మీద ముద్ర ఆవిడదే. 'కిక్ యువర్ గేమ్', 'స్విచ్' కూడా వినండి, మీరు వెతుకుతున్న లెఫ్ట్ ఐ అక్కడ ఉంది.

పాటలపిచ్చి:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండీ. 'కిక్ యువర్ గేమ్' వెంటనే పెట్టుకున్నాను. ఇంకొక్క సందేహం. కోటి కాపీలు అమ్ముడుపోయాక గ్రూపు దివాలా తీసిందని ఎక్కడ చూసినా ఉంది. ఇది ఎలా సాధ్యం?

కోరస్‌గొంతు:

ఆ వరస కొంచెం తప్పండీ. దివాలా పిటిషన్ వేసింది 1995 జూలైలో. కోటి కాపీల సర్టిఫికెట్ వచ్చింది 1996లో. అమెరికాలో ఒక అమ్మాయిల గ్రూపు ఆ గీత దాటడం అదే మొదటిసారి. అలాగని కథ తేలికేం కాలేదు. ఎందుకంటే ఆ జూలైలోనే 'వాటర్‌ఫాల్స్' అమెరికా పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో నంబర్ వన్‌కి చేరి ఏడు వారాలు కదల్లేదు. అంతకుముందు 'క్రీప్' నాలుగు వారాలు అదే చోట ఉంది. టీవీ పెడితే వాళ్లే. నీటితో చేసిన బొమ్మల్లా ముగ్గురూ సముద్రం మీద నిలబడే ఆ వీడియోకి ఆ ఏడాది ఎంటీవీ వాళ్లు 'వీడియో ఆఫ్ ది ఇయర్'తో కలిపి నాలుగు అవార్డులిచ్చారు. కోర్టు కాగితాల్లో మాత్రం ముగ్గురి అప్పు 35 లక్షల డాలర్లు.

డబ్బు ఎటు పోయిందంటే, రికార్డు కంపెనీ ముందుగా ఇచ్చే అడ్వాన్సు, స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చులో వాటా, బట్టలు, ప్రయాణాలు, ఇవన్నీ తిరిగి రాబట్టుకునేది ఆర్టిస్టుకి రావాల్సిన రాయల్టీలోంచే, అంటే అమ్మకాల్లో ఆర్టిస్టు వాటాలోంచే. కంపెనీ తన వాటా ముట్టుకోదు. ఆర్టిస్టు వాటా అసలే చిన్నది. పైగా వీళ్ల సంతకాలు నేరుగా రికార్డు కంపెనీ లాఫేస్‌తో కావు, మేనేజర్ పెబుల్స్ నడిపే పెబిటోన్ సంస్థ ద్వారా. ఆవిడ అప్పట్లో లాఫేస్ అధిపతుల్లో ఒకరైన ఎల్.ఎ. రీడ్ భార్య. మేనేజరూ, ఒప్పందం చేతిలో ఉన్న సంస్థా, కంపెనీ పెద్దా ఒకే ఇంటివాళ్లయితే ఆ అమ్మాయిల తరఫున బేరమాడేది ఎవరు? నాకు కడుపు మండేది ఇక్కడే. వీటి మీద టీ-బాజ్ వైద్య ఖర్చులు (ఆవిడకి సికిల్ సెల్ అనే రక్త జబ్బు), కాలిపోయిన ఇంటి తాలూకు ఇన్సూరెన్స్ బాకీ.

మీ మొదటి ప్రశ్నకి కూడా దీంతో సంబంధం ఉంది. పాట రాసినవాళ్లకి వచ్చే డబ్బు వేరే దారిలో వస్తుంది, దాంట్లోంచి వీడియో ఖర్చులు కోసుకోరు. హిట్టయిన పాటలు ఎక్కువగా ఆస్టిన్, బేబీఫేస్ రాసినవి. లోపెస్ ర్యాప్ లేని 'క్రీప్', 'రెడ్ లైట్ స్పెషల్', 'డిగ్గిన్ ఆన్ యూ' రచయితల్లో ఆవిడ పేరు లేదు. 'వాటర్‌ఫాల్స్'లో ఉంది. కొత్త ఒప్పందాలు కుదిరి ఈ గొడవ 1996లో సర్దుబాటైంది. ఆ ఏడాదే గ్రామీల్లో ఆల్బమ్‌కి ఉత్తమ ఆర్ అండ్ బీ ఆల్బమ్ అవార్డు, 'క్రీప్'కి ఇంకోటి వచ్చాయి.

పాటలపిచ్చి:

మీరు చెప్పిన 'క్రీప్' రీమిక్స్ దొరికింది, విన్నాను. ఆవిడ చెప్పింది నిజమే గానీ నాకు ఆల్బమ్‌లోదే నచ్చింది. ర్యాప్ వచ్చేసరికి ఎవరో లైటు వేసినట్టయింది.

కోరస్‌గొంతు:

ఆవిడకి కావలసింది అదేనండీ, లైటు వేయడం. 1995 నాటికి అమెరికాలో ఎయిడ్స్‌తో ఎంతమంది కుర్రాళ్లు పోతున్నారో గుర్తు పెట్టుకుని ఇంకోసారి వినండి. మొదటి ఆల్బమ్ రోజుల్లో కళ్లజోడుకి ఒక అద్దం బదులు కండోమ్ పెట్టుకుని స్టేజి ఎక్కిన మనిషి ఆవిడ. పాడేటప్పుడు నేనూ ఆల్బమ్ వెర్షనే పాడతాను, ఆ కింది స్వరాల కోసం. కానీ ఆ గొడవలో నా ఓటు లోపెస్‌కే.