రంగం యుద్ధంలో పోయిన మా పెద్దతాత పేరు ఎక్కడ వెతకాలి?

సంతబొమ్మాళి కుర్రాడు:
మాది సంతబొమ్మాళి దగ్గర పల్లెటూరు. మా తాత వాళ్ళ అన్న మిలటరీలో చేరి "రంగం (అంటే బర్మాలోని రంగూన్) యుద్ధంలో పోయాడు" అంటారు ఇంట్లో, అంతకుమించి ఎవరికీ తెలీదు. ఫోటో లేదు, శవం రాలేదు, అస్థికలూ రాలేదు. బడి దగ్గర ఆయన పేరుతో చిన్న రాయి వేయిద్దామని నాన్న పట్టుదల, కానీ ఏ తేదీ చెక్కించాలి? తద్దినం కూడా ఎప్పుడూ పెట్టలేదట. ఎవరికైనా దారి తెలిస్తే చెప్పండి.

టెక్కలి మాజీ సైనికుడు:
బాబూ, కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని ప్రపంచ యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, పేర్లు చూసుకునే సంస్థ ఉంది, దాని వెబ్‌సైట్‌లో వెతుకు, ఫ్రీయే. రెండో ప్రపంచ యుద్ధం కింద 1939 సెప్టెంబర్ నుంచి 1947 డిసెంబర్ దాకా చనిపోయిన వాళ్ళుంటారు. శ్రీకాకుళం జిల్లా అని కొడితే ఏమీ రాదు, మన జిల్లా పుట్టిందే 1950లో. అప్పటికి మనది విశాఖపట్నం జిల్లా, దాన్ని ఇంగ్లీషోళ్ళు వైజాగపటం అని రాసేవారు, శ్రీకాకుళాన్ని చికాకోల్ అనేవారు. ఇంటిపేరుతో దొరక్కపోతే ఒట్టి పేరు కొట్టు, స్పెల్లింగులు నాలుగు రకాలుగా మార్చు, తండ్రి పేరు, ఊరు రాసి ఉంటే సరిచూసుకో. బర్మాలో సమాధి తెలియని దాదాపు 27 వేల మంది పేర్లు రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో స్తంభాల మీద చెక్కారు. దహనం చేసిన మనవాళ్ళకి వేరే స్మారకం కూడా అక్కడే ఉంది.

విజయనగరం మాస్టారు:
ముందు ఒకటి తేల్చుకోండి, ఆయన నిజంగా సిపాయేనా? మనవైపు నుంచి రంగం వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది రేవులో, బియ్యం మిల్లుల్లో కూలీలు. 1942లో జపానోళ్ళు వచ్చాక అడవుల్లో నడిచి వస్తూ ఎంతమంది పోయారో! ఇళ్ళలో అదీ "రంగం యుద్ధమే". తక్కువ చేసి అనడం లేదు, కూలీ అయితే మాత్రం ఆ జాబితాలో దొరకడు, మీరు ఊరికే వెతికి వెతికి అలిసిపోతారు. మెడల్ గానీ, పెట్టెలో పాత కాగితాలు గానీ, పింఛను సంగతి గానీ ఏమైనా ఉందా?

సంతబొమ్మాళి కుర్రాడు:
ఇప్పుడే నాన్ననడిగాను మాస్టారూ. ఆయన భార్యకి చనిపోయేదాకా మిలటరీ పింఛను మనియార్డరు వచ్చేదట! కాగితాలు ఆవిడ పుట్టింటి వాళ్ళ దగ్గర ఉండొచ్చంటున్నారు, కంచిలి వెళ్ళి అడగాలి.

టెక్కలి మాజీ సైనికుడు:
అయితే సిపాయే. ఆ కాగితంలో రెజిమెంటు, నంబరు ఉంటే పని సగం అయినట్టే. తిథి దొరక్కపోయినా పర్లేదు, ఆయుధంతో పోయినవాళ్ళకి మహాలయ పక్షంలో చతుర్దశి నాడు పెడతారు, మీ పురోహితుణ్ణి అడుగు. రాయి మాత్రం తేదీ తెలిసేదాకా ఆపు, తప్పుడు తేదీ చెక్కితే చెరపడం కష్టం, నాన్నగారికి నేను చెప్పానని చెప్పు.