ఇత్తడి గంగాళం 14,000 అంటున్నారు. పాత సామాన్లలో ఇంకా బేరం మిగిలి ఉందా?

కొర్లగుంటోడు (శనివారం రాత్రి 9:10)
అందరికీ నమస్కారం. ఈ రోజు సాయంత్రం తిరుపతిలో ఒక పాత సామాన్ల అంగడికి వెళ్లాను. ఆరేడేళ్లుగా నెలకోసారి వెళ్లే అలవాటు నాది. ఇంట్లో మేం తినే కంచు గిన్నెలు, ఇత్తడి చెంబులు, అమ్మ ఊరగాయ పెట్టే పింగాణీ జాడీలు రెండు, అన్నీ అలా కొన్నవే. ఒక జాడీ మూతతో సహా 150కే వచ్చింది.

ఈ రోజు ఒక గంగాళం కనబడింది. అంచు కింద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టి ఉంది. అడుగున చేయి పెట్టి తడిమితే సుత్తి దెబ్బలు తెలుస్తున్నాయి. తూకం వేయిస్తే 11 కిలోలు. ధర 14,000 అన్నాడు. "120 ఏళ్ల నాటిది సార్, బెంగళూరు వాళ్లయితే కళ్లకద్దుకొని తీసుకుపోతారు" అన్నాడు. మా వీధికొచ్చే బండాయన పాత ఇత్తడి కిలో 480కి కొంటున్నాడు. ఆ లెక్కన 5,280. నేను 7,000 ఇస్తానన్నాను. ఆయన మారు మాట్లాడకుండా గంగాళాన్ని లోపల పెట్టేశాడు.

మామూలు జీతగాళ్లు వాడుకోవడానికి కొనుక్కునే ధరలు ఇక లేనట్టేనా? మీకు ఎక్కడైనా న్యాయమైన ధరకు దొరుకుతున్నాయా?

రేణిగుంట జంక్షన్ (9:24)
14,000 పెడితే కొత్తదే వస్తుంది కదన్నా. పాతదెందుకు?

లోహం మాస్టారు (9:41)
ముందు ఒక మాట చెప్పండి బాబూ. అయస్కాంతం పెట్టి చూశారా? ఇనుము మీద ఇత్తడి పూత వేసి అమ్మే సరుకు ఇప్పుడు బాగా తిరుగుతోంది. 28 ఏళ్లు ఐటీఐలో పిల్లలకు లోహాల గురించి చెప్పినవాణ్ణి, అందుకే అడుగుతున్నాను.

కొర్లగుంటోడు (9:48)
పెట్టాను మాస్టారూ. ఒంటికి అంటుకోలేదు. అంచుకు మాత్రం అంటుకుంది.

లోహం మాస్టారు (9:55)
అంచుకు అంటుకుందంటే అనుమానించాల్సిందే. వదిలేయండి.

పాతింటి సామాను (10:20)
మాస్టారూ, మన్నించాలి, అది అనుమానించాల్సిన విషయం కాదు. నాకు చిత్తూరులో 19 ఏళ్లుగా ఇదే వ్యాపారం. గంగాళం అంచు మడిచేటప్పుడు లోపల ఇనుప కమ్మీ పెట్టి చుడతారు. లేకపోతే నీళ్లు నింపి ఇద్దరు ఎత్తితే అంచు సాగిపోతుంది. చెవులకు వేసే కడియాలు కూడా చాలావాటికి ఇనుపవే. ఒంటికి అంటుకోలేదంటే అది ఇత్తడే.

ధర విషయానికొస్తే, తమ్ముడు పాత ఇనుము బండి లెక్క చెబుతున్నాడు. అది కరిగించే ధర. 2024 మే నెలలో లండన్ మార్కెట్లో రాగి టన్ను 11,000 డాలర్లు దాటింది. ఇత్తడిలో సగానికి పైగా రాగే, మిగతాది జింకు. రాగి పెరిగితే మీ ఇంట్లో చెంబు కూడా పెరుగుతుంది. కంచు ఇంకా ప్రియం, అందులో ఇంచుమించు అయిదో వంతు తగరం, తగరం రాగి కంటే ఖరీదు. నేను గంగాళాన్ని కరిగించేవాళ్లిచ్చే దానికంటే కిలోకి 40, 50 ఎక్కువిచ్చి కొంటాను. సొట్టలు తీయించాలి, పాలిష్ పెట్టించాలి, అద్దె కట్టాలి. ఒక్కోటి రెండేళ్లు అంగట్లోనే కూర్చుంటుంది. 14,000 ఎక్కువే కావచ్చు. 7,000 మాత్రం నాకు గిట్టదు.

లోహం మాస్టారు (10:38)
కమ్మీ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఆ ఇనుము బరువు ఎంత? 11 కిలోల్లో కిలో ఇనుమే ఉంటే ఇత్తడి ధర పెట్టి ఇనుము కొన్నట్టు కదా. అది తీసి లెక్క కట్టాలి.

పాతింటి సామాను (10:44)
అమ్మేటప్పుడు అలా ఎవరూ తీయరు మాస్టారూ. వస్తువుగా అమ్ముతాం.

గిరింపేట అక్క (10:51)
కొనేటప్పుడు మాత్రం తీస్తారు.

పాతింటి సామాను (10:58)
నేను తీయనమ్మా. బండ్లవాళ్లు తీస్తారేమో.

కుప్పం పిల్ల (ఆదివారం ఉదయం 7:15)
ఒక చిన్న సలహా. భోగికి ముందు, ఉగాదికి ముందు అందరూ అటకలు దులుపుతారు. ఆ తర్వాత రెండు మూడు వారాలకు అంగళ్లలో సరుకు నిండుతుంది. అప్పుడు మధ్యాహ్నం పూట వెళ్లండి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి ఇత్తడి అడిగేవాళ్లు తక్కువ. మా అమ్మ రుబ్బురోలు, పొత్రం రెండూ ఆషాఢంలోనే 600కి తెచ్చుకుంది. మోయడానికి ఆటో ఆయనకు 300 ఇచ్చింది.

బెంగళూరులో చిత్తూరోడు (8:02)
ఇక్కడ మా ఆఫీసు పక్కన కాఫీ హోటల్లో గంగాళంలో మొక్క పెట్టారు. చూసినప్పుడల్లా ప్రాణం చివుక్కుమంటుంది.

కొర్లగుంటోడు (8:30)
నా బాధ కూడా అదే అన్నా. నేను వండుకోవడానికి కొంటున్నాను. మా ఇంటికి కళాయి వేసే ఆయన ఇప్పటికీ వస్తాడు. గిన్నెను నిప్పుల మీద బాగా వేడెక్కించి, నవసారం చల్లి, తగరం అలా తాకించి దూదితో ఒక్క తిప్పు తిప్పుతాడు. గిన్నె లోపలంతా వెన్నెల పోసినట్టు తెల్లబడుతుంది. కళాయి పోయిన ఇత్తడిలో పులుసు కాస్తే చిలుము దిగుతుంది, ఆ సంగతి తెలిసినవాళ్లు వాడాల్సిన వస్తువు ఇది. మొక్కలు పెట్టుకునేవాళ్ల ధర నేనెందుకు కట్టాలి?

లోహం మాస్టారు (9:10)
ఇంకో విషయం మరిచాను. అంగడాయన 120 ఏళ్లన్నాడు కదా. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, నూరేళ్లు దాటిన చేతిపని వస్తువు పురావస్తువు కింద లెక్క. అలాంటివి అమ్మే వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. నిజంగా 120 ఏళ్లదైతే లైసెన్సు చూపించమనండి. లేదంటే ఏళ్లు తగ్గించి, ధరా తగ్గించమనండి. రెండిట్లో ఏదో ఒకటి.

రేణిగుంట జంక్షన్ (9:16)
భలే పాయింటు మాస్టారూ!

పాతింటి సామాను (11:40)
లైసెన్సు మాట ఎత్తి ఒక చిన్న వ్యాపారిని బెదిరించి బేరం చేయడం ఏం న్యాయం మాస్టారూ? ఏళ్లు ఎక్కువ చెప్పడం తప్పే, నేను చెప్పను. నాకు తెలిసినంతలో మన వైపు దొరికే గంగాళాలు ఎక్కువగా మన అవ్వల పెళ్లిళ్ల నాటివి, అరవై డెబ్బై ఏళ్లవి. పేరుతో పాటు సంవత్సరం కొట్టి ఉంటే తప్ప వయసు గట్టిగా చెప్పలేం. పడి, మానిక లాంటి కొలతలైతే కొంత తెలుస్తుంది. దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో, కాబట్టి అంగళ్లలో వాడిన సర్కారు ముద్ర ఉన్న పాత పడి చాలావరకు అంతకు ముందుదో, ఆ తర్వాత కొద్దేళ్లదో అయి ఉంటుంది.

ఇంకొక్క మాట. మేం ధర పెంచడం వల్లే ఇవి మిగులుతున్నాయి. నేను కొనని ఇత్తడి ఎక్కడికి పోతుందో తెలుసా? లారీ ఎక్కి కొలిమికి. కరిగి కుళాయిలవుతుంది, నట్లవుతుంది. మొక్క పెట్టినా గంగాళం గంగాళంగానే ఉంది కదా.

లోహం మాస్టారు (11:52)
అదంతా సరే. ఇనుము బరువు తీసి లెక్క కట్టాలన్న నా మాటకు జవాబు రాలేదు.

గిరింపేట అక్క (12:35)
మాస్టారికి నేను చెబుతాను జవాబు.

మా అమ్మ పోయి నాలుగేళ్లు. పదకొండో రోజు దాటగానే మా అన్నదమ్ములు అటక ఖాళీ చేశారు. నేను అప్పుడు ఊళ్లో లేను. మా అమ్మకు పుట్టింటి వాళ్లు సారెలో ఇచ్చిన గంగాళం అందులో ఉంది. అంచు కింద అమ్మ పేరు, వాళ్ల ఊరి పేరు చుక్కల్లో కొట్టించారు మా తాత. చిన్నప్పుడు ఆ చుక్కల మీద వేలు పెట్టి నడిపిస్తూ నేను అక్షరాలు నేర్చుకున్నాను. మా మేనమామ పెళ్లికి పులిహోర కలిపింది అందులోనే. బండాయన దాన్ని తూకం వేసి, కమ్మీ ఇనుము, కడియాలు ఇనుము, మట్టి ఉంది అని కిలోన్నర తగ్గించాడట. మా వదిన గొప్పగా చెప్పింది, "అయినా మూడు వేలు పైన వచ్చింది" అని.

ఇనుము బరువు కొనేటప్పుడు తీసేస్తారు, అమ్మేటప్పుడు కలుపుతారు. మా అమ్మ పేరు కొనేటప్పుడు లెక్కలోకి రాదు, అమ్మేటప్పుడు "పేరు కూడా ఉంది చూడండి" అని దానికీ ధర కడతారు. ఇదీ మీ వ్యాపారం.

పాతింటి సామాను (12:58)
అమ్మా, మీ అమ్మగారి వస్తువు అమ్మింది మీ అన్నదమ్ములు. నన్నంటే ఎలా? 19 ఏళ్లలో ఒక్కరి ఇంట్లోకి పిలవకుండా వెళ్లలేదు. ఏడుస్తూ తెచ్చిచ్చినవాళ్లున్నారు, వాళ్లకు నెల రోజులు గడువిచ్చి, వస్తే అదే ధరకు తిరిగిచ్చాను. ఎంతమంది వచ్చారో తెలుసా? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇళ్లల్లో వద్దనుకున్న తర్వాతే అవి మా దగ్గరికొస్తాయి. వద్దనుకున్నవాళ్లను ఒక్క మాట అనరు, ఉంచినవాణ్ణి దొంగంటారు.

గిరింపేట అక్క (1:06)
దొంగ అనలేదు. మీరే అనుకుంటున్నారు.

కుప్పం పిల్ల (1:10)
అక్కా, అన్నా, నెమ్మదిగా.

పాతింటి సామాను (1:15)
నెమ్మదిగానే ఉన్నాను. అసలు తమ్ముణ్ణి ఒకటి అడుగుతాను. 150కి జాడీ కొన్నానని మొదట్లోనే సంతోషంగా చెప్పాడు. మూతతో ఉన్న పాత జాడీ 150కి వచ్చిందంటే, దాన్ని అమ్మిన ఇంటివాళ్లకు 50 కూడా వచ్చి ఉండదు. అప్పుడు న్యాయం గుర్తు రాలేదు. ఇప్పుడు 14,000 అనగానే వచ్చిందా?

కొర్లగుంటోడు (1:50)
అన్నా, మీరన్నది నాకు తగలాల్సిన చోటే తగిలింది. కాబట్టి అసలు సంగతి చెబుతాను.

2011లో నేను ఇంజినీరింగులో చేరేటప్పుడు ఫీజుకు డబ్బు తక్కువైంది. మా అమ్మ గంగాళం, రెండు బిందెలు, అవ్వ కంచు తప్పెల బయటికి తీసింది. నేనే సైకిలు మీద పెట్టుకొని తీసుకెళ్లాను. కిలో 220 లెక్క కట్టారు. కంచు తప్పెలను కూడా ఇత్తడి ధరకే తీసుకున్నారు, తేడా ఉంటుందని మాకు తెలియదు. అదొక గంగాళం అని ఆ రోజు ఎవరూ అనలేదు. తూకంలో పడేసిన ముక్క అంతే. అమ్మ ఇంటికొచ్చి ఏమీ అనలేదు. ఆ సాయంత్రం బోకులు తోమి బోర్లించేటప్పుడు, గంగాళం ఉండే మూలలో చీపురు పెట్టింది.

నేను తిరిగి కొనగలిగే రోజుకి అదే వస్తువు పురావస్తువైపోయింది. మాకు బరువు లెక్కన ఇచ్చారు కాబట్టి నేనూ బరువు లెక్కనే అడిగాను. అందులో తప్పేంటో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. జాడీ విషయంలో మీరన్నది నిజం. ఆ ఇంటివాళ్ల గురించి నేను ఆలోచించలేదు.

బెంగళూరులో చిత్తూరోడు (1:58)
తమ్ముడూ… మా ఇంట్లోనూ ఇంతే. మాది చెల్లెలి పెళ్లికి.

లోహం మాస్టారు (2:20)
కంచును ఇత్తడి ధరకు తీసుకోవడం అన్యాయం బాబూ. వేలి గణుపుతో కొడితే కంచు గుడి గంటలా చాలాసేపు మోగుతుంది, ఇత్తడి తొందరగా ఆగిపోతుంది. అమ్మే ప్రతి ఒక్కరూ ఇది తెలుసుకోవాలి. నేను కొనేవాళ్ల వైపు నుంచే మాట్లాడుతూ వచ్చాను. అమ్మేవాళ్ల సంగతి తట్టలేదు.

పాతింటి సామాను (4:45)
తమ్ముడూ, అంగడి కట్టేసి ఇంటికొచ్చి రాస్తున్నాను. 220కి కొన్నది మావాళ్లలో ఎవరో ఒకరే. దానికి నేను జవాబు చెప్పలేను. ధర పెరగడం వల్లే ఇవి మిగులుతున్నాయన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను, ఎందుకంటే ఇలాంటి ధరలు పలకబట్టే ఇప్పుడు ఇళ్లల్లో అమ్మేవాళ్లు కూడా "ఇది గంగాళం, తూకానికివ్వం" అంటున్నారు. గత సంక్రాంతికి ఒక అవ్వ నా దగ్గర 11,000కి తక్కువ ఒప్పుకోలేదు. ఇచ్చాను. నీకు కావాలంటే నా దగ్గర తొమ్మిది కిలోలదొకటి ఉంది, 8,500. చిత్తూరు రా. నీ కోసం తగ్గించలేదు, దానికి ఒక చెవి లేదు.

గిరింపేట అక్క (5:30)
ఆ అవ్వకు 11,000 ఇవ్వడం మంచి పని. ఆ మాట చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. పేరున్న వస్తువుల మాట మాత్రం వేరు. పేరు, ఊరు కనబడుతుంటే ఆ ఊళ్లో ఒకసారి అడిగించాలి. ఒక్క ఫోను చాలు. అడిగించకుండా వేరేవాళ్లకు అమ్మడం నేను ఒప్పుకోను.

పాతింటి సామాను (5:41)
ఎవరి పేరని అడగాలమ్మా? ఆ పేరున్న ఆమె ఉండదు. పిల్లలు నలుగురుంటారు, నలుగురూ మాదంటారు. నా అంగట్లో పంచాయితీ అవుతుంది.

గిరింపేట అక్క (5:44)
కానివ్వండి.

కొర్లగుంటోడు (బుధవారం రాత్రి 8:15)
ఈ రోజు మళ్లీ వెళ్లాను. 9,000 దాకా ఇద్దామనుకొని డబ్బు పట్టుకెళ్లాను. గంగాళం బయటే పెట్టారు. అద్దంలా మెరుస్తోంది. అంచు కింద చూస్తే పేరు లేదు. మిషను పెట్టి అరగదీశారు. అడుగున సుత్తి దెబ్బలు కూడా సగం పోయాయి. "పేరుంటే కొందరు వద్దంటున్నారు సార్" అన్నాడు. ధర 16,500 అయింది. నేను బేరం చేయలేదు, వచ్చేశాను.

పాతింటి సామాను (8:22)
అది తప్పు పని. నేను ఏనాడూ పేరు తీయించలేదు.

గిరింపేట అక్క (8:25)
తమ్ముడూ, శనివారం మీరు ఫొటో ఏమైనా తీశారా?

కొర్లగుంటోడు (8:31)
తీశానక్కా. పేరు సగమే పడింది. ఊరు చివర "పల్లె" అని ఉంది, దానికి ముందు అక్షరాలు సొట్టలో పడి కనబడటం లేదు.

గిరింపేట అక్క (8:33)
మాది కాకపోవచ్చు. ఆ ఫొటో ఇక్కడ పెట్టండి. సొట్ట ఏ చెవి పక్కన ఉందో కూడా చెప్పండి.