బీడును మడులుగా కట్టి వంతులవారీగా మేపడం: లాభమా, ఒట్టి చాకిరీనా?

పచ్చికబయలు: ఏడాది పొడుగునా మందను ఒకే బీడులో వదిలేసి, గడ్డి లేవడం లేదంటూ ఇక్కడికొచ్చి వాపోవడం ఎందుకండీ? ఒక్కసారి మేసినంత మాత్రాన గడ్డి చావదు. కొరికిన పిలక మూడు నాలుగు రోజుల్లో లేత చిగురు వేస్తుంది. దుబ్బు మొదట్లో దాచుకున్న బలమంతా ఆ చిగురుకే పోతుంది. పశువు దాన్నే వెతుక్కుని మళ్లీ కొరుకుతుంది. దుబ్బును చంపేది ఈ రెండో కొరుకుడే. ఫ్రాన్సులో పశువులు మేపుతూ పరిశోధన చేసిన ఆంద్రే వాజాన్ 1957లోనే ఈ సంగతి రాశాడు: పశువులు ఎన్ని ఉన్నాయన్నది కాదు, దుబ్బుకు కోలుకునే వ్యవధి ఇచ్చామా లేదా అన్నదే ముఖ్యం. ఆకులో సగం తిన్నా వేరు ఎదుగుదల పెద్దగా ఆగదు. 80 శాతం తినేస్తే కొన్నాళ్లపాటు పూర్తిగా ఆగిపోతుంది. కాబట్టి సగం ఉండగానే మంద మడి మారాలి, ఖాళీ చేసిన మడికి కనీసం 30 రోజులు విశ్రాంతి ఇవ్వాలి.

గొర్రెలమంద: 30 రోజులా? ఏ కాలంలో? వానల్లో అన్నాళ్లు ఆగితే వెన్ను తీసి, కాడ ముదిరి, గొర్రె మూతి కూడా పెట్టదు. ఎండల్లో 90 రోజులు ఆగినా లేవదు.

పచ్చికబయలు: "కనీసం" అన్నాను. ఆ మాట కనబడలేదా?

గొర్రెలమంద: వానల్లో అది కనీసం కాదు, ఎక్కువ! ఇంకోటి. 2008లో బ్రిస్క్, ఆయనతోటి శాస్త్రవేత్తలు మేత బీళ్ల మీద జరిగిన ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. చాలావాటిలో వంతుల మేతకు గడ్డిలోగానీ పశువుల బరువులోగానీ అదనమేమీ తేలలేదు. దానికేమంటారు?

పచ్చికబయలు: వాటిలో చాలామటుకు క్యాలెండరు చూసి మంద మార్చినవి. నేను గడ్డిని చూసి మార్చమంటున్నాను.

గొర్రెలమంద: మరి 30 అని క్యాలెండరు పట్టుకొచ్చింది ఎవరు?

పాడిగేదె: మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఎండాకాలం కరెంటు కంచె షాకు కొట్టడం లేదు. ఏం చేయాలి?

చూడిఆవు: నేల ఎండితే ఎర్త్ సరిగా అందదన్నా. రాడ్లు ఇంకా లోతుకు దించి, చుట్టూ నీళ్లు పోస్తుండు. తీగకు గడ్డి తగులుతోందేమో కూడా చూసుకో.

పశువైద్యం_చదువుతున్నా: 30 రోజుల మీద కొట్లాడుకుంటున్నారు గానీ నట్టల సంగతి ఎవరూ ఎత్తలేదు. గొర్రె కడుపులో రక్తం తాగే హీమాంకస్ గుడ్లు పెంటికలతో పడతాయి. వెచ్చగా, తడిగా ఉంటే వారం అటూఇటూగా సోకే దశకు వచ్చేస్తాయి. పిల్లపురుగులు ఎక్కువగా గడ్డి మొదట్లో, రెండు అంగుళాల లోపే ఉంటాయి. కాబట్టి నెల తర్వాత మంద తిరిగొచ్చేసరికి గడ్డితోపాటు అవీ సిద్ధంగా ఉంటాయి. కురచగా మేపకండి. గొర్రెలు మేసిన మడిలో తర్వాతి వంతు పెద్ద పశువులకు ఇవ్వండి, వాటిలో ఈ నట్ట అంతగా నిలదొక్కుకోదు. గొర్రె కింది కనురెప్ప తిప్పి చూడండి. లోపల ఎర్రగా ఉండాల్సింది తెల్లగా పాలిపోయినా, దవడ కింద నీరు దిగినా ఆలస్యం చేయొద్దు.

గొర్రెలమంద: చూశారా? చదువుకునే పిల్లాడికి తెలిసింది మీకు తెలియలేదు.

పచ్చికబయలు: నట్టలు ఒకేచోట మేపినా వస్తాయి. అసలు మీకు కావలసింది గడ్డి కాదు. మందను తోలి చెట్టు కింద పడుకోవడం. మడి మార్చాలంటే ఒళ్లు వంగాలి కదా.

గొర్రెలమంద: నోరు జాగ్రత్త. నువ్వు కంచె వేసుకున్నది నీ సొంత భూమికి. మాది అందరం మేపుకునే బీడు. విశ్రాంతి పేరు చెప్పి సగం మూసేశారు. భూమి ఉన్నవాళ్లు మందల్ని సొంత చేలకు తోలుకున్నారు. లేనివాళ్లం మిగిలిన సగంలో ఒకరినొకరు తోసుకున్నాం. మా వైపు గడ్డి లేక నేల బోడిగా మిగిలింది. మూసిన వైపు గడ్డి మోకాలెత్తు లేచింది, కాదనను. గేటు తీసిన రోజు ముందు దిగింది ఎవరి మందో అడుగు.

చూడిఆవు: ఈ మాట మొదటే చెప్పొచ్చుగా. రెండు రోజులుగా 30, 90 అంటూ చదివించారు.

పచ్చికబయలు: అది పెత్తనం చేసినవాళ్ల తప్పు. పద్ధతిది కాదు.

గొర్రెలమంద: మడి మూసినన్నాళ్లూ ఆ మంద ఏం తినాలో చెప్పకపోతే అది పద్ధతి ఎలా అవుతుంది?

పచ్చికబయలు: బీడు మోయగలిగినన్ని తలలే దింపాలి. అందరూ తమ మందలో నాలుగో వంతు తగ్గించుకుంటే సరిపోతుంది.

గొర్రెలమంద: రెండొందలు ఉన్నవాడు యాభై అమ్మినా మందకు మందే ఉంటుంది. ఇరవై ఉన్నవాడు ఐదు అమ్మితే ఆ ఏడు పిల్లల కూటికి ఎసరు. మొదట నువ్వే అన్నావు, పశువులు ఎన్నన్నది కాదని. ఇప్పుడేమో తలలు లెక్కపెడుతున్నావు.

పచ్చికబయలు: వ్యవధి ముందు, లెక్క తర్వాత. సరే, గేటు తీసినప్పుడు చిన్న మందలు ముందు దిగాలని షరతు పెడితే ఒప్పుకుంటారా?

గొర్రెలమంద: గేటు తాళం చిన్న మందలవాళ్ల దగ్గరే ఉండాలి. దానికి మీ భూమి ఉన్నవాళ్లు ఒప్పుకుంటారేమో ముందు వాళ్లను అడిగి రా.