క్రోనోగ్రాఫ్ బ్లూటూత్ మాటిమాటికీ తెగిపోతోంది, తప్పు మెషిన్‌దా ఫోన్‌దా?

నిజాంపేట్_177:
అన్నలూ, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 0.53 గ్రాముల పెల్లెట్ (సీసపు గుండు), వేగం 172 మీ/సె అటూఇటూ. రాడార్ క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే మెషిన్), ఆండ్రాయిడ్ 13 ఫోన్. ఇంట్లో ఏ ఇబ్బందీ లేదు. గచ్చిబౌలి వైపు రేంజ్ హాల్లో పెడితే మాత్రం ఐదారు షాట్లకే యాప్‌లో ‘డిస్‌కనెక్టెడ్’ అని వస్తోంది. మళ్లీ స్కాన్ చేస్తే ఒక్కోసారి మెషిన్ పేరే కనపడదు. కొన్ని షాట్లు యాప్‌లో ఎక్కట్లేదు. ఒక షాట్‌కి 161 చూపించింది. మెషిన్ మార్చాలా?

కూకట్‌పల్లి_కోచ్:
అప్పుడే మార్చకు. ముందు రెండు రోగాల్ని విడదియ్యి: షాట్ పట్టకపోవడం వేరు, పట్టిన షాట్ ఫోన్‌కి చేరకపోవడం వేరు. 20 షాట్లు కొట్టి, మెషిన్ స్క్రీన్ మీద కౌంట్ ఎంత, యాప్‌లో ఎంత అని చూడు. స్క్రీన్ మీద 20 ఉండి యాప్‌లో తగ్గితే బ్లూటూత్ సంగతి. స్క్రీన్ మీదే తగ్గితే ఫోన్ జోలికి పోనక్కర్లేదు, రాడార్ గురి చూసుకో.

ఆ 161 పాపం బ్లూటూత్ మీద వెయ్యకు. వేగం లెక్క మెషిన్‌లోనే అయిపోతుంది, గాల్లో వచ్చేది అంకె మాత్రమే. బ్లూటూత్‌లో వెళ్లే ప్రతి ప్యాకెట్‌కీ (డేటా ముక్కకీ) 24 బిట్ల చెకింగ్ ఉంటుంది కాబట్టి చెడిపోయిన ప్యాకెట్ పక్కకి పోతుందే గానీ 172 కాస్తా 161 అయిపోదు. పెల్లెట్ చిన్నది, దాని నుంచి తిరిగొచ్చే సిగ్నల్ బలహీనం. మెషిన్‌ని బారెల్ మూతి పక్కనే, బారెల్‌కి సమాంతరంగా పెట్టి, ఎయిర్‌గన్ మోడ్ ఎంచుకో. పెల్లెట్ స్కర్ట్ (వెనక అంచు) నొక్కుకుపోయి ఉందేమో కూడా చూడు. సిలిండర్‌లో గాలి అడుగంటితే వేగం వరసగా పడుతూ పోతుంది, ఒక్క షాట్ తగ్గి మళ్లీ పైకి రాదు.

రేడియో_మామ:
ఇంట్లో పనిచేసి హాల్లో చేయట్లేదంటే నా అనుమానం వై-ఫై మీద. ఇలాంటి మెషిన్లలో రాడార్ సాధారణంగా 24 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, దానికీ బ్లూటూత్‌కీ గొడవ లేదు. బ్లూటూత్ మాత్రం వై-ఫైలాగే 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది. హాల్లో ఎలక్ట్రానిక్ టార్గెట్ల రౌటరు, పిల్లల ఫోన్లు, తల్లిదండ్రుల హాట్‌స్పాట్లు అన్నీ అక్కడే.

‘పేరే కనపడదు’ అన్నావు చూడు, అక్కడుంది కిటుకు. ఇలాంటి పరికరం ‘నేనిక్కడున్నా’ అని చాటేది మూడే చోట్ల: 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్. వై-ఫై 1, 6, 11 చానళ్లకి తగలకుండా ఎంచిన చోట్లవి. రౌటరు 3లోనో 4లోనో ఉంటే 2426 మునిగిపోతుంది, 13లో ఉంటే 2480కి దెబ్బ. ఫోన్‌లో వై-ఫై ఎనలైజర్ వేసి చూడు. రేంజ్ వాళ్లని అడిగి రౌటర్ని 1, 6, 11లో ఒకదానికి మార్పించు, చానల్ వెడల్పు 40 మెగాహెర్ట్జ్ కాదు, 20 పెట్టమను. నువ్వు కాల్చే లైన్‌లో ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ తగిలించి ఉంటే దాన్నీ దూరం జరపమను. ఆ కేబుల్ నుంచి 2.4లో రొద బాగా వస్తుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

ఫోన్ ఎక్కడ పెడుతున్నావ్? షూటింగ్ ప్యాంటు వెనక జేబులోనా? ఒంట్లో ఉండేది నీళ్లే, 2.4 సిగ్నల్‌ని తాగేస్తుంది. ఇనప టేబుల్ కింద పెట్టినా అంతే. మీటరు లోపు, మధ్యలో నువ్వు అడ్డం రాకుండా, టేబుల్ మీద చిన్న స్టాండులో నిలబెట్టు.

శంషాబాద్_టెక్:
మామ చెప్పింది కరెక్టే గానీ, నన్నడిగితే ఇలాంటి కేసుల్లో సగం ఫోన్ సెట్టింగుల్లోనే తేలిపోతాయి. ఈ వరసలో చెయ్యి:

యాప్ పూర్తిగా మూసెయ్యి. ఫోన్ బ్లూటూత్ లిస్టులో మెషిన్ పేరుంటే ‘ఫర్‌గెట్’ కొట్టు. మెషిన్ ఆపి పది సెకన్లాగు, ఫోన్ రీస్టార్ట్ చెయ్యి. తర్వాత సెట్టింగ్స్‌లోంచి జత చేయకుండా, యాప్ తెరిచి అక్కడి నుంచే కనెక్ట్ చెయ్యి. ఆండ్రాయిడ్ 12 నుంచి ‘నియర్‌బై డివైసెస్’ పర్మిషన్ ఉండాలి. 11, అంతకు ముందువాటిలో లొకేషన్ ఆన్‌లో లేకపోతే స్కాన్‌లో ఏదీ కనపడదు. బ్యాటరీలో ఆ యాప్‌కి ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ పెట్టు, లేదంటే స్క్రీన్ ఆరగానే ఫోనే దాన్ని చంపేస్తుంది.

ఇంకోటి, ఈ మెషిన్లు చాలావరకు ఒకసారికి ఒక్క ఫోన్‌కే దొరుకుతాయి. కోచ్ ట్యాబ్‌లో అదే యాప్ ఉంటే ముందే పట్టేసుకుని కూర్చుంటుంది, నీకు పేరు కూడా కనపడదు. పవర్ బ్యాంకుతో నడిపేవాళ్లూ జాగ్రత్త: మెషిన్ లాగే కరెంటు మరీ తక్కువైతే పవర్ బ్యాంకు దానంతటదే ఆగిపోతుంది.

నిజాంపేట్_177:
20 కొట్టి చూశా. స్క్రీన్ మీద 20, యాప్‌లో 13. వేగాలన్నీ 171–174 మధ్యే. రౌటరు 4లో ఉంది, 40 వెడల్పు. కోచ్ ట్యాబ్‌లో యాప్ కూడా ఉంది 😅

రేడియో_మామ:
ఇంకేం, మెషిన్ బాగానే ఉంది. రెండూ ఒకేసారి మార్చకు, ఏది పనిచేసిందో తెలియదు. ముందు ట్యాబ్‌లో బ్లూటూత్ ఆపి మళ్లీ 20 కొట్టు. అప్పటికీ తెగితే రౌటర్ని 6కి మార్పించు. ఈలోపు షాట్లు పోవట్లేదులే, మెషిన్ మెమరీలో ఉంటే సెషన్ అయ్యాక ఒకేసారి యాప్‌లోకి దించుకో. పవర్ ఆపేముందే దించు, కొన్నిటిలో ఆపితే సెషన్ చెరిగిపోతుంది.